ఇన్‌ఫ్లేమబుల్: మండేదా, మండనిదా?

విశాఖ మల్కాపురంలో రోడ్డెక్కితే చాలు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీకి వచ్చీపోయే ట్యాంకర్లు ఎదురవుతాయి. కొన్నింటి వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటుంది, కొన్నింటి మీద 'హైలీ ఫ్లేమబుల్' అని. కరెక్ట్‌కు వ్యతిరేకం ఇన్‌కరెక్ట్, కంప్లీట్‌కు ఇన్‌కంప్లీట్ అని బళ్లో నేర్చుకున్న పిల్లలకు ఇక్కడ అనుమానం రావడం సహజం. ఈ రెండు ట్యాంకర్లలో ఒకటి మండేది, ఇంకొకటి మండనిదా?

రెండూ మండేవే. ఇంగ్లిష్‌కు లాటిన్ నుంచి వచ్చిన 'ఇన్' రెండు రకాలు. ఒకటి కాదు, లేదు అని చెప్పేది. రెండోది లోపలికి అని చెప్పేది. ఇంజెక్షన్‌లో ఉన్నది ఈ రెండో 'ఇన్'. ఇన్‌ఫ్లేమబుల్‌లో ఉన్నదీ అదే. అసలు పాత మాట ఇన్‌ఫ్లేమబులే. ఫ్లేమబుల్ 19వ శతాబ్దంలో గానీ వాడుకలోకి రాలేదు. ఆ పొట్టి మాటను ముందుకు తెచ్చింది మంటలార్పే రంగంలోని వాళ్లు. చదివినవాడు 'మండదు' అనుకుంటే ప్రాణం మీదికి వస్తుందని, 1920ల్లోనే అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఫ్లేమబుల్ అనే రాయాలని కోరింది. ప్రమాదకర సరుకుల రవాణాకు ఐక్యరాజ్యసమితి పెట్టిన నిబంధనల్లోనూ ఇప్పుడు ఆ మాటే ఉంది.

ట్యాంకర్‌కు ఉన్న హెచ్చరిక పలకను దగ్గరగా చూస్తే మంట బొమ్మ, పక్కనే ఒక నాలుగంకెల నంబరు కనిపిస్తాయి. 1075 అంటే ఎల్పీజీ. 1203 పెట్రోలు, 1202 డీజిల్. ఏ భాష రానివాడికైనా బొమ్మ అర్థమవుతుంది, లోపల ఏముందో ఫైర్ సిబ్బందికి నంబరు చెబుతుంది.

1997 సెప్టెంబరు 14న ఇదే రిఫైనరీలో ఎల్పీజీ అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రమాదానికీ భాషకూ సంబంధం లేదు. కానీ అంత చూసిన ఊళ్లో హెచ్చరిక చదివితే ఒక్క అర్థమే తట్టాలి. నిఘంటువు ప్రకారం ఇన్‌ఫ్లేమబుల్ తప్పు కాదు. అయినా దాన్ని ట్యాంకర్ల మీద నుంచి తీసేయడమే మంచిది.

ఇంగ్లిష్‌లో ఏది ఒప్పు, ఏది తప్పు అన్న చర్చ వచ్చినప్పుడల్లా, చదివినవాడు లేదా విన్నవాడు పొరబడతాడా అన్న ఈ కొలత పనికొస్తుంది. తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో తరచూ వినిపించే 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' సంగతే తీసుకుందాం. 'ఐదేళ్ల నుంచి', '2015 నుంచి' అని రెండు చోట్లా మనకు 'నుంచి' ఒకటే. ఇంగ్లిష్‌లో ఎంత కాలమో చెప్పాలంటే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే 'సిన్స్'. ఇది సరిదిద్దుకోవాల్సిందే గానీ, ఇందువల్ల ఎవరూ పొరబడరు. 'ఐ హావ్ ఎ డౌట్' అలా కాదు. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. విదేశీ ఇంజనీరుకు మాత్రం అది అపనమ్మకంలా వినిపిస్తుంది. తన లెక్క తప్పంటున్నారని ఆయన అనుకోవచ్చు. అక్కడ 'క్వశ్చన్' అంటే సరిపోతుంది.

అన్నింటికంటే జాగ్రత్త పడాల్సింది 'బై', 'అంటిల్' దగ్గర. షిఫ్టు మారేటప్పుడు లాగ్ పుస్తకంలో 'క్లోజ్ ద వాల్వ్ అంటిల్ టూ' అని రాశారనుకోండి. రాసినవాడి ఉద్దేశం రెండింటికల్లా మూసేయమని. చదివినవాడికి తెలిసేది రెండింటి వరకే మూసి ఉంచమని. రెండు దాటాక అతను వాల్వ్ తెరవొచ్చు! 'కల్లా'కూ 'వరకు'కూ తేడా తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కల్లా అన్నచోట బై, వరకు అన్నచోట అంటిల్ అని గుర్తు పెట్టుకుంటే చాలు.

పోర్టులో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ. విశాఖ రేవుకు వచ్చే ఓడ కెప్టెన్ ఏ దేశంవాడైనా కావచ్చు, దాన్ని లోపలికి తెచ్చే పైలట్ తెలుగువాడు కావచ్చు. ఇద్దరికీ ఇంగ్లిష్ సొంత భాష కాదు. ఇలాంటి వాళ్ల కోసమే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ఓడల మీద వాడాల్సిన ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది. మే, మైట్, షుడ్, కుడ్ లాంటి మాటలు వద్దని అందులో ఉంది. 'మే' ఎందుకు వద్దో మన 'వచ్చు'ను చూస్తే తెలుస్తుంది. 'వాన రావచ్చు' అంటే అవకాశం, 'మీరు లోపలికి రావచ్చు' అంటే అనుమతి. 'ఆ ఓడ రావచ్చు' అని రేడియోలో వినిపిస్తే దేనికింద తీసుకోవాలి? అందుకే అక్కడ 'యూ హావ్ పర్మిషన్' అని విడమరిచి చెప్పాలి. అడుగుతున్నారో, హెచ్చరిస్తున్నారో తెలిసేలా వాక్యానికి ముందు 'క్వశ్చన్', 'వార్నింగ్' అని కూడా చేర్చుకోవచ్చు.

అంకెల దగ్గరా ఇదే పట్టింపు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ గాలి హోరులో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ఏ అంకెకా అంకె పలకాలి: 150 అంటే 'వన్ ఫైవ్ జీరో'. చుక్కాని ఎంత తిప్పాలో చెప్పేటప్పుడు మాత్రం దీనికి మినహాయింపు ఉంది. అప్పుడు 15 డిగ్రీలను 'ఫిఫ్టీన్' అనే అంటారు. చుక్కాని పట్టినవాడు ఆ ఆజ్ఞను గట్టిగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే తిప్పుతాడు.