నవ్వుకొనుటకు ఒక పాత సినిమా

కాపరి ఇంట సినిమా ఏమిటని మీలో కొందరు అడుగవచ్చును. మా చిన్నతనములో నాన్నగారు సినిమా హాలున్న వీధిలో మమ్మును నడువనిచ్చేవారు కారు. ఇప్పుడు ఆ హాలే మన ముందుగదిలోనికి వచ్చి కూర్చున్నది గదా!

వేసవి సెలవులకు వచ్చిన మా పెద్దబ్బాయి ఒక శుక్రవారము రాత్రి, భోజనములైన పిమ్మట, టీవీలో పాత టామ్ అండ్ జెర్రీ బొమ్మలు పెట్టాడు. ఆ పిల్లిని, ఎలుకను హన్నా, బార్బెరా అనువారు 1940లో సృష్టించారు. అయితే వీడు పెట్టినవి వారివి కావు. 1961, 62 సంవత్సరములలో జీన్ డైచ్ అను అమెరికా దర్శకుడు, అప్పటి కమ్యూనిస్టు దేశమైన చెకోస్లొవేకియాలోని ప్రాగ్ నగరములో, తక్కువ ఖర్చుతో తీసిన 13 చిత్రములలోనివి. కదలికలన్నీ కుదుపులు, చప్పుళ్ళు బావిలో నుండి వచ్చినట్లుంటాయి. “ఈ టామ్‌కి జ్వరమొచ్చిందా నాన్నగారూ?” అన్నది మా చిన్నమ్మాయి. ఆ మాటకే ఇంటిల్లిపాది నవ్వాము.

అటు తరువాత ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’. ఎడ్ వుడ్ అను దర్శకుడు 1956లో హాలీవుడ్‌లో తీసిన చిత్రమిది. 1980లో అచ్చయిన ఒక పుస్తకము దీనిని ప్రపంచములోకెల్ల చెడ్డ సినిమాగా ఎన్నుకొన్నది. అన్యలోకవాసులు వచ్చి సమాధులలోని మృతులను లేపుట కథ. ఎగిరే పళ్ళెములు తీగలకు వ్రేలాడుచుండగా ఆ తీగలు మనకు కనబడును. ఒకే సన్నివేశములో పగలు రాత్రియగును, రాత్రి మరల పగలగును. విమానము నడుపువారి గదికి తలుపు లేదు, కర్టెన్ ఉన్నది. మా ఇంటావిడ కన్నీళ్ళు వచ్చేలాగు నవ్వింది. నెలలో ఎన్ని ఇండ్ల దుఃఖము ఆమె మోయుచున్నదో మాకు తెలుసును గనుక, ఆ నవ్వు చూచుటకే మరొక సినిమాయైనా పెట్టవచ్చుననిపించినది.

అందులో బేలా లుగోసీ కొద్ది నిమిషములు కనబడును. 1931లో డ్రాకులాగా లోకప్రసిద్ధి పొందిన నటుడు. 1956 ఆగస్టులో ఆయన చనిపోయాడు. అంతకుముందు తీసి ఉంచిన ముక్కలను వుడ్ ఈ కథలో అతికించాడు. మిగిలిన భాగమునకు ఆయనకంటె పొడవైన మరియొకనిని తెచ్చి, ముఖమునకు నల్లని అంగీ అడ్డము పెట్టించాడు. పిల్లలు పడి పడి నవ్వారు. మేమును నవ్వాము గాని, చనిపోయిన స్నేహితుని చివరి ముక్కలను పారవేయలేని మనిషి కూడ మాకు అక్కడ కనబడ్డాడు.

ఇంతలో పెద్దబ్బాయి, “నాన్నగారూ, దీనికి డబ్బు పెట్టింది ఎవరో తెలుసా? బాప్టిస్టు సంఘంవాళ్ళు” అన్నాడు. అది నిజమే. ఈ చిత్రము లాభము తెచ్చిన యెడల భక్తి చిత్రములు తీయవచ్చునని వారి ఆశ. ‘సమాధి దొంగలు’ అను మొదటి పేరు వారికి నచ్చనందున పేరు మార్చారు. అంతేకాదు, వారి కోరికపై వుడ్‌ను, నటులలో కొందరును బాప్తిస్మము పొందారు. వారాశించిన లాభము రాలేదు.

పిల్లలు దీనికి మరింత నవ్వారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. బాప్తిస్మమును పెట్టుబడికి షరతుగా పెట్టిన ఆ పెద్దలదే ఎక్కువ తప్పని మా అభిప్రాయము. సినిమావాడు తన సినిమా కొరకు ఏమైనా చేస్తాడు. వీరు సంఘపెద్దలు గదా.

కాని ఆ మాట పైకి అనుటకు మాకు నోరు రాలేదు. కొన్నేండ్ల క్రిందట, పెండ్లి తేదీ దగ్గరపడినదని, సర్టిఫికెట్టు కావలెనని ఒక యౌవనస్థుడు వచ్చాడు. అతని తల్లి మా వాకిట నిలువబడి ఏడ్చింది. మేము రెండే పాఠములు చెప్పి, మూడవ దినమున అతనికి బాప్తిస్మమిచ్చాము. పెండ్లి జరిగినది. ఆ తరువాత అతడు ఆరాధనకు రాలేదు. మేమును వెళ్ళి పిలువలేదు. అతని ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలనే యున్నది.

“వాళ్ళలో ఒక్కరైనా నిజంగా నమ్మి ఉంటారా?” అని చిన్నమ్మాయి అడిగింది. తెలియదన్నాము. అప్పటికి టీవీలో పళ్ళెమునకు నిప్పంటుకొని, తీగతో సహా ఊగుచున్నది. మేము చెప్పులు తొడుగుకొనుచుండగా, “ఇంత రాత్రివేళ ఎక్కడికండీ?” అన్నది మా ఇంటావిడ.