మడి కట్టుకున్న పెట్టె

మడిబట్ట కట్టుకున్న బామ్మ పిల్లల్ని వంటింటి గడప దాటనిచ్చేది కాదు. ఆ మడిని తలదన్నే పెట్టె ఒకటుంది. దాని పేరు ఐసోలేటర్. అందులో పుట్టి పెరిగే ఎలుకల ఒంటి మీద గానీ పేగుల్లో గానీ ఒక్క బాక్టీరియా కూడా ఉండదు.

సూక్ష్మజీవులు లేనిదే జంతువు బతకలేదేమోనని 1885లో లూయీ పాశ్చర్ అనుమానపడ్డాడు. పదేళ్ల తర్వాత బెర్లిన్‌లో నట్టాల్, తీర్‌ఫెల్డర్ అనే శాస్త్రవేత్తలు ఒక గినీపిగ్ పిల్లను తల్లి కడుపు కోసి తీసి, శుద్ధమైన గాలి అందే పాత్రలో ఉంచి, రాత్రింబవళ్లు గంటగంటకూ పాలు పట్టారు. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే పేగుల్లో సూక్ష్మజీవుల జాడ లేదు. సరే, ఎనిమిది రోజుల బతుకూ ఒక బతుకేనా?

1928లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రేనియర్స్ ఈ సమస్యను ఇంజనీరు కళ్లతో చూశాడు. ఆయన చేయించిన ఉక్కు పీపాలకు గాజు కిటికీ, భుజాల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు ఉండేవి. లోపలంతా ఆవిరితో శుద్ధి చేసేవారు. చూడటానికి అవి బాయిలర్‌కు తోబుట్టువుల్లా ఉండేవి. 1940లలో ఆ పీపాల్లోనే ఎలుకలు పిల్లల్ని కన్నాయి. పాశ్చర్ అనుమానం అక్కడ తీరిపోయింది.

అయితే ఉక్కు బరువు, ఖరీదు. 1957లో అదే ప్రయోగశాలకు చెందిన ఫిలిప్ ట్రెక్స్‌లర్ మెత్తని ప్లాస్టిక్ సంచిని ముందుకు తెచ్చాడు. ఆవిరి వేడికి ప్లాస్టిక్ ఆగదు కనుక పెరాసిటిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. వడగట్టిన గాలి లోపల కాస్త ఎక్కువ పీడనంతో ఉంటుంది. చిన్న చిల్లు పడినా గాలి బయటికే తోసుకొస్తుంది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఆ చవక సంచే. ఈ పరిశోధనను ఎన్నో ప్రయోగశాలలకు అందుబాటులోకి తెచ్చింది అదే.

లోపలి ఎలుకలు వింతగా ఉంటాయి. పెద్దపేగు మొదట్లోని సంచి ఉబ్బిపోతుంది. పేగుల్లో విటమిన్ కె తయారుచేసే బాక్టీరియా లేదు కనుక దాన్ని మేతలో కలపాలి. 1954లో ఇలాంటి ఎలుకలకు చక్కెర మేపినా పళ్లు పుచ్చలేదు! 2004లో సెయింట్ లూయీలో మామూలు ఎలుకల పేగు బాక్టీరియాను వీటికి ఎక్కిస్తే, తిండి తగ్గినా రెండు వారాల్లో కొవ్వు సుమారు 60 శాతం పెరిగింది.

ఇంత కట్టుదిట్టం చేసినా పెంటికలను ఎప్పటికప్పుడు పరీక్షించాల్సిందే. ఒక్క బాక్టీరియా బయటపడిందా, పెట్టె ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచీ మడి కట్టుకోవాలి.