పొడవు ఇంటూ వెడల్పు సరే, మూల సంగతేమిటి?

దీర్ఘచతురస్ర వైశాల్యం ఎంతని అడిగితే అయిదో తరగతి పిల్లలు తడుముకోకుండా ‘పొడవు ఇంటూ వెడల్పు’ అంటారు. విజయవాడలో ఇళ్ల స్థలం బేరమాడే పెద్దవాళ్లూ ఆ లెక్కే వేస్తారు. రోడ్డు వైపు 36 అడుగులు, లోపలికి 60 అడుగులు. గుణిస్తే 2160 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 240 గజాలు. గుణకారంలో తప్పేమీ లేదు. అయితే ఆ సూత్రానికి ఒక షరతు ఉంది: నాలుగు మూలలూ తాపీమేస్త్రి మూలమట్టానికి సరిపోవాలి. పాఠ్యపుస్తకంలో దీర్ఘచతురస్రాన్ని ఎప్పుడూ నిటారుగా, మూలలు సరిచేసే గీస్తారు కాబట్టి ఆ షరతు పిల్లల కంట పడదు. సూత్రం నోటికి వస్తుంది, షరతు పుస్తకంలోనే ఉండిపోతుంది. ప్రాథమిక పాఠశాలలో రేఖాగణితం సూత్రంతో కాక మూలతో మొదలవ్వాలనీ, ఆ వెంటనే త్రిభుజం రావాలనీ నా వాదన.

అదే స్థలాన్ని కాస్త పక్కకు ఒరిగించి చూడండి. భుజాలు మారలేదు, ఎదురెదురుగా 36, 60 అడుగులే ఉన్నాయి. కానీ మూల నుంచి మూలకు, అంటే ఐమూలగా, టేపు పట్టాలి. మూలలు సరిగ్గా ఉంటే ఐమూల కొలత దాదాపు 70 అడుగులు రావాలి. అది 80 అడుగులు వచ్చిందనుకుందాం. అప్పుడు వైశాల్యం 2025 చదరపు అడుగులకు, అంటే 225 గజాలకు పడిపోతుంది. నాలుగు వైపులా కొలిచి తృప్తిపడినవాడు పదిహేను గజాలు లేకుండానే డబ్బు కట్టేశాడన్నమాట. ఇలాంటి ఒరుగుళ్లు ఊహలో మాత్రమే ఉండేవి కావు. విజయవాడలో కృష్ణ బ్యారేజీ దగ్గర బయలుదేరిన ఏలూరు, రైవస్, బందరు కాలువలు ఊళ్లోంచి తలోదారీ పోతాయి. ఏలూరు రోడ్డూ బందరు రోడ్డూ ఆ దిక్కుల్లోనే సాగి, తూర్పుకు పోయేకొద్దీ ఎడమవుతాయి. ఎడమయ్యే రెండు రోడ్లను కలిపే బీసెంట్ రోడ్డు లాంటి ఏ అడ్డవీధి అయినా రెండింటికీ ఒకేసారి లంబంగా ఉండలేదు. ఎక్కడో ఒకచోట మూల వంకర పోక తప్పదు.

చుట్టుకొలతనూ వైశాల్యాన్నీ కలగాపులగం చేయడం పిల్లల్లో ఎక్కువగా కనబడే పొరపాటు. దానికీ మూలకారణం మూలను వదిలేసి భుజాలనే చూడడమే. పైన చెప్పిన రెండు స్థలాలకూ కంచె 192 అడుగులే కావాలి, లోపలి నేల మాత్రం వేరు. అదే 192 అడుగుల తీగతో 48 అడుగుల చతురస్రం కడితే 256 గజాలు వస్తాయి, ఆరడుగుల వెడల్పున 90 అడుగుల సందు కడితే 60 గజాలే. హద్దు పొడవును బట్టి నేల ఎంతో చెప్పలేమని డెల్టా రైతుకు బడికి వెళ్లకుండానే తెలుసు. కంచె తీగను మీటర్లలో కొంటాడు, పొలాన్ని సెంట్లలో చెబుతాడు. సెంటు పొడవెంత అని ఎవరూ అడగరు. గజంతోనే చిక్కు: బట్టల కొట్లో అది పొడవు, స్థలాల బేరంలో అది వైశాల్యం. పిల్లలకు ఈ తేడా విప్పి చెప్పడానికి ఒక పీరియడ్ కేటాయించినా దండగ కాదు.

భుజాలు మాత్రమే చూసి నేలను లెక్కగట్టే అలవాటు చాలా పాతది. తొమ్మిదో శతాబ్దపు గణితసారసంగ్రహంలో మహావీరాచార్యుడు చతుర్భుజానికి ఒక మోటు పద్ధతి ఇచ్చాడు: ఎదురెదురు భుజాల సగటులు కట్టి, ఆ రెంటినీ గుణించడం. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గ్రంథం ఇదే. అయితే మహావీరుడు దాన్ని వ్యవహారానికి పనికొచ్చే లెక్కగానే చెప్పి, సూక్ష్మమైన లెక్కను వేరుగా పెట్టాడు. మనం ఆ మోటు లెక్కను ఉంచుకుని హెచ్చరికను వదిలేశాం. ఈ సగటు పద్ధతి మూలలన్నీ సమకోణాలైతేనే సరిగ్గా కుదురుతుంది, లేకపోతే ఎప్పుడూ అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది. అమ్మేవాడికి అచ్చొచ్చే లెక్క! సర్వేయర్లు మాత్రం దీన్ని నమ్మలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వచ్చిన ఎఫ్ఎంబీ (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) పటం చూస్తే తెలుస్తుంది: పొలంలో ఒక ఐమూల గీత లాగి, దాని నుంచి ఒక్కో మలుపుకూ లంబదూరం కొలిచి, ఎంత వంకర చెక్కనైనా త్రిభుజాలుగా, సమలంబ చతుర్భుజాలుగా విడగొడతారు. సెంటు పుట్టిందీ ఆ సర్వేయర్ల కొలగొలుసు నుంచే. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరం. ఎకరంలో నూరో వంతు సెంటు కాబట్టి అది సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. గజాల్లోకి మారిస్తేనే 48.4 అనే అందంలేని అంకె వస్తుంది.

చిన్న పిల్లలకు కోణాలూ కర్ణాలూ ఎందుకు, అవి పై తరగతుల్లో వస్తాయి కదా అని ఉపాధ్యాయులు అనవచ్చు. ఆ అభ్యంతరంలో కొంత నిజముంది. 1957లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీల్ దంపతులు తమ పరిశోధనల్లో చూపించింది అదే: పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా చూసి గుర్తుపడతారు, దాని లక్షణాలు ఆ తర్వాతే పట్టుబడతాయి. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే ‘ఇది చతురస్రం కాదు, డైమండ్’ అనే పిల్లలు అందుకే ఉన్నారు. అయితే దీన్నిబట్టి లక్షణాల పాఠాన్ని వాయిదా వేయాలని కాదు, చేతికి పని ఇవ్వాలని తేలుతుంది. నాలుగు అట్టముక్కల కొసలను గుండుసూదులతో గుచ్చి చట్రం చేయిస్తే అది అటూ ఇటూ ఒరుగుతుంది, మూడు ముక్కల చట్రం ఒరగదు. రెండు భంగిమల్లోనూ నాలుగు ముక్కల చట్రాన్ని గళ్ల కాగితం మీద పెట్టి లోపలి గళ్లు లెక్కపెట్టమంటే, ఒరిగినప్పుడు గళ్లు తగ్గాయని మూడో తరగతి పిల్లలు కూడా చెబుతారు. అక్కడ సైన్ పట్టికలతో పనిలేదు. గళ్లు లెక్కపెట్టే పద్ధతి కొత్తదీ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పాత అయిదో తరగతి ‘మ్యాథ్ మ్యాజిక్’లో దానికోసం ఒక పాఠమే ఉంది. ఆ పాఠాన్ని త్వరగా ముగించి సూత్రానికి పరుగెత్తడంతోనే చిక్కంతా.

మెట్రిక్ చట్టం 1956లోనే వచ్చాక ఇంకా సెంట్లూ గజాలూ నేర్పడమేమిటన్నది మరో ప్రశ్న. చదరపు మీటరు నేర్పవద్దని నేననడం లేదు, అదే బడి ప్రమాణం. కానీ పిల్లల ఇళ్లలోని కాగితాలు ఆ ఒక్క భాషలోనే లేవు. 2015లో అమరావతి భూసమీకరణలో జరీబు (నీటి వసతి ఉన్న భూమి) రైతు ఎకరాల్లో ఇచ్చిన నేలకు బదులు గజాల్లో మాట వచ్చింది: ఎకరానికి 1000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం. ఎకరం 4840 గజాలని తెలిస్తేనే అది దాదాపు ముప్ఫై శాతమని తేలుతుంది. కృష్ణ దాటి తెలంగాణ వైపు వెళితే అదే ఎకరం నలభై గుంటలవుతుంది, గుంటకు 121 గజాలు. ఒక నేలకు ఇన్ని పేర్లుంటాయని చిన్నప్పుడే తెలిసినవారికి చదరపు మీటరు వాటిలో ఒకటిగా సులువుగానే అబ్బుతుంది.

ఇక అన్నిటికన్నా గట్టిగా వినిపించే మాట: ఇప్పుడు డ్రోన్లున్నాయి, ఉపగ్రహాలున్నాయి, ఐమూల కొలతలెందుకు? 2020 డిసెంబరులో జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలైన భూముల రీసర్వే వాటితోనే సాగింది. కానీ యంత్రం ఇచ్చేది మూలబిందువుల స్థానాలు మాత్రమే. వాటి నుంచి విస్తీర్ణం తీసేటప్పుడు కంప్యూటర్ చేసేది త్రిభుజాల వైశాల్యాలు కూడి, తీసివేయడమే, కాకపోతే రెప్పపాటులో చేస్తుంది. కొత్త పటంలో తన చెక్క రెండు సెంట్లు తగ్గిందని అనుమానం వచ్చిన రైతు ఆ కంప్యూటర్‌ను అడగలేడు. టేపు తీసుకుని నాలుగు గట్లతో పాటు ఒక్క ఐమూల కూడా కొలుచుకుంటే, ఆ అయిదు అంకెలతో తన విస్తీర్ణం తానే కట్టుకోవచ్చు. ఎక్కడ తేడా వచ్చిందో వేలు పెట్టి చూపిస్తూ అర్జీ రాసుకోవచ్చు.