పచ్చబొట్టు పాపమా?

క్రైస్తవులకు పచ్చబొట్టు పాపమని మన హాస్టల్లో కొందరు వాదిస్తున్నారు. మా తండాలో ముసలమ్మలందరికీ చేతుల మీద, గడ్డం మీద పచ్చబొట్లే. మరి వాళ్ళు ప్రార్థనకు రాకూడదా?

వాదించేవాళ్ళు చూపేది లేవీయకాండము 19:28. అందులో వద్దని ఉన్నమాట నిజమే. కాని చచ్చినవారి కోసం ఒళ్ళు కోసుకోవద్దని కూడా అక్కడే ఉంది. అనగా చుట్టుపక్కల జనుల చావు ఆచారాలు ఇశ్రాయేలీయులకు వద్దని భావమని చాలామంది పండితుల మాట. దాని ముందు వచనం గడ్డం అంచులు కత్తిరించవద్దంటుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు!

హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ దిగి అబిడ్స్ వైపు నడిస్తే చిరాగ్ అలీ లేన్‌లో మెథడిస్టు చర్చి, ఇంకొంచెం పోతే సి.ఎస్.ఐ. వారి సెయింట్ జార్జి చర్చి, గన్‌ఫౌండ్రీలో కాథలిక్కుల సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ వస్తాయి. అంత దగ్గరలోనే మూడు శాఖలు. అందరికీ ఒకే మాట ఎలా ఉంటుంది? కాథలిక్కుల చర్చి చట్టంలో పచ్చబొట్టుపై నిషేధం లేదు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ యువకులతో పచ్చబొట్టుకు భయపడవద్దన్నారు, ఎరిత్రియా క్రైస్తవులు నుదుట పొడిపించుకునే శిలువను గుర్తుచేశారు. ఈజిప్టులో కోప్టిక్ క్రైస్తవులకైతే మణికట్టు మీద శిలువే గుర్తు.

దేహం దేవుని ఆలయమని 1 కొరింథీ 6:19 చూపించి వద్దనే పాస్టర్లూ ఉన్నారు. కొత్తగా పొడిపించుకునేవారు ఈ మాట ఆలోచించాలి. జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిస్తే హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. అంటుకోవచ్చు. సూది కొత్తదా అని ముందే అడగండి, కాదంటే లేచి వచ్చెయ్యండి.