వైఫై రాలేదని ఫార్మాట్ కొట్టకండి

సెకండియర్ చివర్లో నా లాప్‌టాప్‌లో ఉబుంటు వేశాను. అన్నీ బాగానే వచ్చాయి, వైఫై తప్ప. సెట్టింగ్స్ తెరిస్తే వైఫై అడాప్టర్ దొరకలేదని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే: మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం. రెండుసార్లు చేశాను. రెండోసారి నిద్రమత్తులో పక్క పార్టిషన్ కూడా చెరిపేశాను. మా బ్యాచ్ నలుగురి మినీ ప్రాజెక్ట్ కోడ్ అందులోనే ఉంది. వైఫై మాత్రం రాలేదు.

పక్క రూములో ఉండే సీనియర్ దగ్గరికి పరిగెత్తాను. "కార్డు కనబడట్లేదా, డ్రైవర్ లేదా, ఉన్నా ఎక్కట్లేదా? అది తెలుసుకోకుండా ఫార్మాట్ ఎందుకు కొట్టావురా?" అన్నాడు. "తెలీదన్నా" అన్నాను. ఆ రాత్రి ఆయన నేర్పిన వరుస మీకూ చెబుతాను.

మొదటి ప్రశ్న: కార్డు సిస్టమ్‌కి కనబడుతోందా? టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని హైఫన్ కె ఆప్షన్‌తో కొట్టండి. యూఎస్‌బీ డాంగిల్ అయితే ఎల్ఎస్‌యూఎస్‌బీ. జాబితాలో కార్డు పేరు ఉంటే సగం భయం పోయినట్టే. లేకపోతే బయోస్‌లో ఆపేసి ఉందేమో, కార్డు వదులైందేమో చూడాలి.

రెండోది: డ్రైవర్ ఎక్కిందా? అదే జాబితాలో కార్డు పేరు కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అనే లైను ఉండాలి. నాకు లేదు. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌తోపాటే వస్తాయి. కొన్ని చిప్‌ల డ్రైవర్లు మాత్రం విడిగా తెచ్చుకోవాలి. నాది ఆ రకం.

మూడోది: ఫర్మ్‌వేర్ ఉందా? డ్రైవర్ మన ప్రాసెసర్ మీద నడుస్తుంది, ఫర్మ్‌వేర్ కార్డు లోపల నడుస్తుంది. ఆ ఫైలు దొరక్కపోతే డ్రైవర్ ఎక్కినా కార్డు పనిచేయదు. సుడో పెట్టి డీమెసేజ్ కొడితే ఏ ఫైలు దొరకలేదో పేరుతో సహా చెబుతుంది. ఈ బాధ తగ్గించడానికే 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇలాంటి ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లోనే పెట్టారు.

నాలుగోది: ఎవరైనా ఆపేశారా? ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ కొట్టండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' ఎదురుగా ఎస్ అని ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్‌తో పోతుంది. 'హార్డ్ బ్లాక్డ్' అయితే లాప్‌టాప్ స్విచ్చో, ఎఫ్ఎన్ కీనో వెతకండి.

ఇప్పుడు నా సంగతి. డ్రైవర్ కావాలంటే నెట్ ఉండాలి, నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదన్నట్టుంది. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయమన్నాడు అన్న. దానికి కావలసిన డ్రైవర్ కెర్నల్‌లో ముందే ఉంటుంది. నెట్ వచ్చింది, డ్రైవర్ దిగింది.

అయినా వైఫై రాలేదు! మోడ్‌ప్రోబ్‌తో చేత్తో ఎక్కించబోతే 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సిస్టమ్ నమ్మే కీతో సంతకం లేని డ్రైవర్‌ని కెర్నల్ లోపలికి రానివ్వదు. డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో నీలి తెర ఒకటి వస్తే, చదవకుండా కంటిన్యూ నొక్కేశాను. నా కీని నమోదు చేయమని అడిగిన తెర అదే. మోక్‌యుటిల్‌తో కీని మళ్ళీ ఇచ్చి, రీస్టార్ట్ చేసి, ఈసారి 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకున్నాను. తెల్లవారుజామున హాస్టల్ వైఫై పేరు కనిపించింది.

కోడ్ మాత్రం తిరిగి రాలేదు. మిగతా ముగ్గురూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. వారం రోజులు కూర్చుని మళ్ళీ రాశాం.

లినక్స్ తన బాధని దాచుకోదు. అడిగితే చెబుతుంది, చెప్పింది మనం చదవాలి. అడిగే ముందు మాత్రం బ్యాకప్ తీసుకోండి.