రెండో గేరు నిలవని జీపు

1940లో అమెరికా సైన్యం కొండాకోనా ఎక్కే చిన్న బండి ఒకటి కావాలంది. నమూనాకు ఇచ్చిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ గీసిన బండిని సెప్టెంబర్ 23న అప్పజెప్పింది. అయినా ఆర్డర్లలో ఎక్కువ భాగం విల్లీస్ అనే మరో కంపెనీకే దక్కింది. ముఖ్య కారణం ఇంజిన్. డెల్మార్ రూస్ అనే ఇంజనీరు 48 హార్స్‌పవర్ ఉన్న పాత కారు ఇంజిన్‌కు సానపట్టి 60కి తెచ్చాడు. అదే ‘గో డెవిల్’. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి.

మన దేశంలో మిగిలిపోయినవి వేలానికొచ్చి డిస్పోజల్ జీపులయ్యాయి. 1940ల చివర్లో మహీంద్రా కూడా బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. వానాకాలం నల్లరేగడి బురద, ఎండాకాలం ఎర్రదుమ్ము ఉండే నారాయణఖేడ్ లాంటి చోట ఈ బండికి పని తక్కువేమీ కాదు. అయితే ఎనభై ఏళ్ల ఇనుము మూలిగినప్పుడు నొప్పి ఇంజిన్‌లోనా, గేరుబాక్సులోనా అన్నది ముందు తేల్చాలి. విప్పడం ఆ తర్వాత. చాలా బండ్లు పాడయ్యేది ఈ వరస తప్పడం వల్లనేనని నా నమ్మకం.

ఎత్తు ఎక్కుతున్నప్పుడు బండి నీరసపడిందనుకోండి. ఇంజిన్ మోత పెరుగుతూ వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. మోత కూడా బండితోపాటే తగ్గిపోతే తప్పు ఇంజిన్‌ది. అప్పుడు ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూడాలి. తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూస్తే, అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు సరిగా మూసుకోనట్టు. గో డెవిల్‌లో వాల్వులు సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి. అందుకే ఆయిల్ పిస్టన్ మీదికి పరుచుకునేలా ఇంజిన్‌ను నాలుగు చుట్లు తిప్పాకే కొలవాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

మే నెల ఎండలో బాగా నడిచిన బండి ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక ఏ రిపేరూ లేకుండానే స్టార్టయితే ఇంజిన్ బోరు పని చేయించకండి. చాలాసార్లు పైపులో పెట్రోలు ఆవిరై పంపుకు అందకపోవడమే కారణం. పంపు మీద తడిగుడ్డ వేస్తే తెలిసిపోతుంది. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు పాతకాలపు రబ్బరును కూడా తింటుంది కాబట్టి పంపు డయాఫ్రం మార్చి ఉంచుకోవడం మేలు.

గేరుబాక్సు చెవితో పట్టుబడుతుంది. న్యూట్రల్‌లో గరగరమంటూ క్లచ్ తొక్కగానే ఆగితే లోపలి బేరింగు అరిగింది. తొక్కినప్పుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగు పోయింది.

ఈ జీపుకున్న పేరుమోసిన జబ్బు మాత్రం రెండో గేరు ఎగిరి న్యూట్రల్‌లో పడటం. సైనిక జీపులోని టి-84 గేరుబాక్సు బలహీనమైనది. ఇంజిన్ మౌంట్ల రబ్బరు మెత్తబడినా, హౌసింగ్ బోల్టులు వదులైనా గేరు ఎగరొచ్చు. ముందు వాటిని సరిచేయాలి. తర్వాత పైమూత తీసి గేరును పట్టి ఉంచే గుండ్లు, స్ప్రింగులు చూడాలి. సింక్రో రింగుల దాకా వెళ్లడం ఆఖరి మాట. వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసులో ఆయిల్ పెరిగి గేరుబాక్సులో తగ్గితే, మధ్య సీలు కారుతోంది. రెండు చోట్లా మట్టం చూడని మెకానిక్ దగ్గర ఆ గేరుబాక్సు ఎండిపోయి అరిగిపోతుంది.

ఫోర్‌వీల్ లివరు ఇరుక్కుపోతే సుత్తితో కొట్టొద్దు. తారురోడ్డు మీద ముందు, వెనక చక్రాలు సమానంగా తిరగక ఇరుసుల మధ్య బిగువు పేరుకుంటుంది. కొన్ని అడుగులు రివర్స్ చేస్తే అది వదులుతుంది, లివరూ కదులుతుంది.

చాలామంది విసిగిపోయి ఇందులో డీజిల్ ఇంజిన్ ఎక్కిస్తారు. నా అభిప్రాయంలో అది తొందరపాటు. డీజిల్ టార్కుకు ఆ టి-84 అసలు ఆగదు. దాని బదులు తర్వాతి జీపుల్లో వచ్చిన టి-90 గేరుబాక్సు వేయండి, ఇంకా గట్టిది, ఇందులో కుదురుతుంది కూడా. ఆయిల్ పోసేటప్పుడు మాత్రం డబ్బా మీద జీఎల్-4 అని ఉందో లేదో చూడండి. జీఎల్-5లోని గంధకపు రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులను దెబ్బతీస్తాయి.