గోడకట్టు వాడలు - గ్రామపు బాటలు



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప నెంచిన విషయము పైకి పట్టణపు విషయమువలె తోచును. నిజమున కది పల్లెవారి విషయమే. చుట్టును ప్రహరీగోడ కట్టి, ముందొక గేటు నిలిపి, కావలివానిని పెట్టి, లోపల నిండ్లు వరుసగా కట్టుకొను వాడలు నేడు విరివిగా వెలయుచున్నవి. వీనిని గేటెడ్ కమ్యూనిటీ లనుచున్నారు. ఇట్టివి నగరపు నడిబొడ్డున లేచుట యరుదు. అచ్చట నంత స్థలము దొరకదు. నిన్నటిదాక జొన్నయు కందియు పండిన చేలలో, చెరువు క్రింది తరిలో, గ్రామపు శివారుననే యవి లేచుచున్నవి. కావున నా గోడ యెంతవరకు రావచ్చును, ఎచ్చట నాగవలయును, ఆగుమని చెప్పు నధికార మెవరిది యను సంగతులు ముందుగా తెలియవలసినవారు గ్రామపెద్దలు.

హైదరాబాదునకు పడమట మా మేనమామగారి యూ రున్నది. కొన్ని యేండ్ల క్రిందట నే నచ్చటికి పోయితిని. మామయ్య నన్ను వెంటబెట్టుకొని చేనికి బయలుదేరినాడు. చిన్ననాడు నేను బండిమీద పోయిన బాటయే యది. అర ఫర్లాంగు నడచునప్పటికి ఎదుట పదడుగుల గోడ. గోడలో నొక చిన్న తలుపు. తలుపుకడ నొక కావలి పిల్లవాడు. అతడు పుస్తకము చేతికిచ్చి, "తాతా, పేరు వ్రాసి పొండి" అనెను. మామయ్య పేరు వ్రాసి, నా మొగము చూడక, "అల్లుడా, మా తాత త్రవ్విన బావికాడికి పోవుటకు నే నీ పిల్లవానికి సంతకము పెట్టవలసి వచ్చినది" అన్నాడు. మనిషి యెట్లో పోవచ్చును. బండికి దారి లేదు. చుట్టు తిరిగిన నాలుగు కిలోమీటర్లు. అందుచేత నా యేడు రెండెకరములు బీడు పెట్టినాడు.

ఆ మాట నా మనస్సున నాటుకొనెను. ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొన యత్నించితిని. తెలిసినదానిని మీకు విన్నవించెదను.

మొదట గోడను గూర్చి న్యాయముగా మాటలాడుదము. తన స్థలమునకు కంచె వేసికొనుట తప్పుగాదు. తెలంగాణపు పల్లెలలో పాత బురుజులు నేటికిని గలవు. భయకాలమున మన పెద్దలును కావలి పెట్టుకొనినవారే. అయితే బురుజు ఊరందరిని కాచెడిది. ఈ గోడ లోపలివారినే కాచును. భేద మంతయు నందే యున్నది. లోపలి స్థలము లోపలివారిది. గోడ క్రిందబడిన బాటయు, గోడ మూసిన కాలువయు వారివి గావు. కాక, ఇండ్లు కట్టుట కనుమతి పొందునపుడు, దానికి బదులుగా ప్రజల కిచ్చెదమని యొప్పుకొన్న స్థలమును వారిది గాదు.

ఇచ్చట రెండు విధముల వాడలను వేరుపరచి చూడవలెను. ఈ భేదము తెలియకయే సగము తగవులు పుట్టుచున్నవి.

మొదటిది లేఅవుటు. మన వాడుకలో దానినే వెంచరు అందురు. భూమిని ముక్కలు చేసి, నడుమ వీధులు తీసి, ముక్కల నమ్ముదురు. 2002లో గ్రామపంచాయతీల లేఅవుట్లకై చేయబడిన నిబంధనల ప్రకారము నూటికి పది వంతులకు తక్కువ గాకుండ ఖాళీస్థలము విడువవలెను. ఆ ఖాళీస్థలమును, వీధులను దానపత్రము ద్వారా పంచాయతీకి ఉచితముగా నప్పగింపవలెను. వీధులు, కాలువలు పూర్తిచేయుదురను పూచీకి, అమ్మదగిన స్థలములలో సామాన్యముగా నూటికి పదునైదు వంతులు అనుమతి నిచ్చిన సంస్థకు తాకట్టుగా నుండును. ఇట్లప్పగింపబడిన వీధి యిక పంచాయతీ వీధియే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమును, 2018లో తెలంగాణము చేసికొనిన చట్టమును, బహిరంగ మార్గములు గ్రామపంచాయతీకి చెందునని చెప్పుచున్నవి. అట్టి వీధికి గేటు బిగించి, వచ్చువారిని పేరడుగు హక్కు ఎవ్వరికిని లేదు. బెంగుళూరులో నిట్టి తగవే వచ్చినపుడు, 2022లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము, నగరసంస్థ కప్పగించిన వీధులు ప్రజల వీధులే యనియు, వానిలో రాకపోకల నడ్డగింపరాదనియు తీర్పు చెప్పినది.

రెండవది, స్థలమంతయు నొక్కటిగా నుంచి, అందు ఇండ్లనో అంతస్తుల మేడలనో కట్టి, ఇండ్లుగా నమ్మునది. దీని లోపలి దారులు ఆ నివాసులవే. అక్కడ గేటు చెల్లును. అయినను దీనికి కట్టుబాట్లు లేకపోలేదు. 2012లో ఉమ్మడి రాష్ట్రమున చేయబడిన భవననిర్మాణ నిబంధనలు, 4000 చదరపు మీటర్లు, అనగా సుమా రొక యెకరము, అంతకు మించిన స్థలములలో కట్టువారికి రెండు షరతులు పెట్టినవి. లోపల నూటికి పదివంతులు చెట్టుచేమలకును, పిల్లల యాటకును విడువవలెను. వెనుకనున్న భూములకు పోవుటకై, తమ స్థలములోనే యొక ప్రక్కగా తారుబాట వేసి ప్రజలకు విడువవలెను. ఆ ప్రక్కన ముందే బాట యున్నచో నీ రెండవ షరతు వర్తింపదు. నిబంధనలు సవరింపబడుచుండును గనుక, ఏ వాడకైనను దాని యనుమతి నాటి షరతులనే చూడవలయును.

ఈ రెండువిధములకును పైనున్నది మూడవ సంగతి. గ్రామపటములో గీయబడిన బాటలు, ఆంధ్రదేశమున పుంత యనియు డొంక యనియు, తెలంగాణమున నక్షబాట యనియు పిలువబడునవి, ఊరి సొత్తు. వాగులు, చెరువు శిఖము, శ్మశానము, పశువుల బీడు సైతము ఊరుమ్మడివే. ఇరుప్రక్కల భూమి నొక్కడే కొన్నంతమాత్రమున నడుమనున్న బాట వాని సొత్తు గాజాలదు. 2011 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము, జగ్‌పాల్ సింగు వ్యాజ్యెమున, గ్రామపు ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించి, వానిని గ్రామపంచాయతీల కప్పగించుటకు ఏర్పాటు చేయవలసినదని అన్ని రాష్ట్రములను శాసించినది.

ఇక మురుగు సంగతి. వంద యిండ్ల నీరు ఎక్కడికో యొకచోటికి పోవలసినదే. పల్ల మెక్కడ నున్నదో నీ రక్కడికే చేరును. పల్లమున మన చెరువుండును. అందుచేత అనుమతి పత్రములో మురుగునీటి నెచ్చట శుద్ధిచేసి యెచ్చటికి పంపుదురో చూచుట ముఖ్యము. కట్టడపు వైశాల్యము 20,000 చదరపు మీటర్లు మొదలు పర్యావరణ అనుమతి కూడ ముందుగా పొందవలసినదని 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన విధించినది. చెత్తను గూర్చి 2016లో కేంద్రము చేసిన నియమములు, 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలు తడిచెత్తను వేరుపరచి, సాధ్యమైనంతవరకు తమ యావరణలోనే యెరువుగా మార్చుకొనవలెనని చెప్పినవి. ఊరిబయటి గుంటలో చెత్త కుమ్మరించువారికి ఈ మాట జ్ఞాపకము చేయవచ్చును.

గోడలోపలివారు మన శత్రువులని మాత్రము తలపకుడు. వారిలో చాలమంది అప్పుచేసి యిల్లు కొన్నవారు. పన్ను ఒకవైపు, వాడలోని నిర్వహణపు రుసుము మరియొకవైపు చెల్లించుచు, పన్నునకు తగిన నీరుగాని దీపముగాని రాలేదని వారును ఫిర్యాదు చేయుచుందురు. అది యబద్ధము గాదు. పన్ను పుచ్చుకొనిన పంచాయతీ పని చేయవలెను. కట్టి యమ్మినవాడు అనుమతిపత్రమును దాచి, లేని పార్కును చూపి యమ్మిన తావులును గలవు. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టము, ఉమ్మడి స్థలములను కొనుగోలుదారుల సంఘమున కప్పగింపవలెనని వారికి రక్ష కల్పించినది. ఆ సంఘము ఏర్పడిన తరువాత మనము మాటలాడవలసినది వారితోనే.

ఇంతకు గ్రామపెద్దలు చేయవలసిన దేమి? మొదట, ఊరి నక్షా ప్రతిని తీసి పంచాయతీ కార్యాలయమున గోడకు వ్రేలాడగట్టుడు. ఏ బాట యెక్కడ పోవునో చదువుకొన్న పిల్లలు సైతము గుర్తుపట్టవలెను. రెండవది, శివారులో రాళ్లు పాతిన దినముననే అనుమతి పటము, దాని షరతులు, దానపత్రము కావలెనని యడుగుడు. ఇవ్వనిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టుడు. మన రాష్ట్రముల నియమముల ప్రకారము గ్రామస్థాయిని దరఖాస్తునకు రుసుము లేదు; మండలస్థాయిని 5 రూపాయలు, అంతకు పైని 10 రూపాయలు. ముప్పది దినములలో బదులు రావలయును. మూడవది, తాకట్టు స్థలములు విడుదలగుటకు ముందే బాటయు కాలువయు పటము ప్రకారము పూర్తియైనవో లేవో చూచి, లోపమున్నచో గ్రామసభలో తీర్మానముచేసి పైవారికి వ్రాతమూలమున తెలుపుడు. తాకట్టు విడిపోయిన పిదప బ్రతిమాలుటయే గాని బలవంతపెట్టు సాధనము సన్నగిల్లును.

మా మామయ్య కథ ముగింపక పోరాదు. ఊరివారు దరఖాస్తు పెట్టి అనుమతి పటమును తెప్పించిరి. నక్షబాట యందు స్పష్టముగానే గీయబడియుండెను. ఉత్తరపు ప్రక్కను ప్రజల బాటయు చూపబడియుండెను. భూమిమీద మాత్ర మచ్చట పచ్చగడ్డియు పిల్లల ఉయ్యాలలు నుండెను. పటమును చూచి ఆ వాడ సంఘపు కార్యదర్శి తెల్లబోయి, "ఈ కాగితమును మాకెవ్వరును చూపలేదు" అనెను. పిదప వారే యుయ్యాలలను లోపలికి మార్చుకొని, గోడను వెనుకకు జరిపించుట కొప్పుకొనిరి. దీనికంతకు పదునెనిమిది నెలలు పట్టెను. బీడుపడిన రెండు పంటలు మామయ్యకు తిరిగి రాలేదు. నేడు బండి పోవుచున్నది. పుస్తకములో సంతకము లేదు.

గోడ లేచిన తరువాత పదునెనిమిది నెలలు పట్టిన పని, రాళ్లు పాతిన నాడే చేసియుండినచో ఒక్క దరఖాస్తుతో తీరెడిది. రేపు మీ శివారున క్రొత్తరాయి కనబడినచో, దానిని పాతినవానితో కయ్యమునకు దిగక, మున్ముందు పటమడుగుడు.